బొగ్గుగనిలో దొరికిన మంద

బెల్జియం దేశపటంలో బెర్నిసార్ అనే ఊరిని వెతకాలంటే కళ్ళజోడు సవరించుకోవలసిందే. దేశానికి పడమటి వైపున, ఫ్రాన్సు సరిహద్దును ఆనుకుని ఉన్న చిన్న పల్లె అది. అక్కడ ఏ రాజూ కోట కట్టలేదు, ఏ చక్రవర్తీ యుద్ధం గెలవలేదు. అయినా ప్రాచీన జంతువులను గురించి రాసిన గ్రంథం ఏది తెరిచినా ఆ ఊరి పేరు కనపడక మానదు. పన్నెండున్నర కోట్ల సంవత్సరాల నాటి ఒక జంతువుల మంద ఆ ఊరి బొగ్గుగనిలో దొరకడమే ఇందుకు కారణం.

మా అక్కయ్య కొడుకు బ్రస్సెల్సు నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. కళాశాలకు వేసవి సెలవులివ్వగానే మూడు వారాలు వాడింట మకాం పెట్టాను. "బ్రస్సెల్సు వచ్చినవాళ్ళంతా చాక్లెట్లు కొంటారు, లేసులు కొంటారు. నువ్వేమిటి మావయ్యా, ఎముకలు చూస్తానంటావు?" అని వాడు నవ్వాడు. వాడి కూతురు మాత్రం నా పక్షమే. ఆరేళ్ళ పిల్ల. డైనోసార్ల పేర్లు ఎక్కాల్లాగా అప్పజెబుతుంది. నలభై దాటగానే నన్ను 'తాతయ్యా' అని పిలవడమొక్కటే దానిలో నాకు నచ్చని గుణం.

లియొపోల్డ్ పార్కులో, యూరపు పార్లమెంటు భవనాలకు కూతవేటు దూరంలో ఉంది ప్రకృతి శాస్త్రాల మ్యూజియం. డైనోసార్ల విభాగాన్ని 2007లో కొత్తగా తీర్చిదిద్దారు. లోపల అడుగు పెట్టగానే ఒక పెద్ద గాజుగది. గది అనేకంటె గాజు మేడ అంటే నయం. అందులో బొగ్గు నలుపు తిరిగిన అస్థిపంజరాలు, వరుసగా, వెనుక కాళ్ళ మీద నిటారుగా, తోకలు నేలకు ఆనించి నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడెనిమిది మీటర్ల పొడవు. బతికున్న రోజుల్లో బరువులో మన ఏనుగులకు తీసిపోయేవి కావు. వాటి మధ్య కాస్త సన్నగా, వేరే జాతికి చెందినది ఒకటుంది. పెద్దవాటి పేరు ఇగ్వానోడన్. ఇగ్వానా అనేది అమెరికా ఖండంలో ఉండే ఒక పెద్ద బల్లి. దాని పళ్ళవంటి పళ్ళు ఉన్నది కనుక ఇగ్వానోడన్ అయింది. తెలుగు చేయవలసివస్తే 'ఉడుముపంటి' అనవచ్చు.

ఇక కథకు వద్దాం. 1878వ సంవత్సరం తొలినెలలు. సెయింట్ బార్బ్ అనే గనిలో, నేలకు 322 మీటర్ల లోతున, పనివాళ్ళు బొగ్గు పొరను అనుసరించి సొరంగం తొలుస్తున్నారు. ఉన్నట్టుండి బొగ్గు మాయమై బంకమన్ను తగిలింది. దానిని కూడా తొలుచుకుంటూ పోగా, జూల్ క్రెతర్, అల్ఫోన్స్ బ్లాంషార్ అనే పనివాళ్ళకు దుంగలవంటివి కనిపించాయి. పగులగొడితే లోపల పసుపుపచ్చని తళతళలు. బంగారం నిండిన చెట్లు దొరికాయనుకున్నారట పాపం! తీరా చూస్తే అవి చెట్లూ కావు, అది బంగారమూ కాదు. అవి ఎముకలు. మెరుస్తున్నది ఇనుమూ గంధకమూ కలిసిన పైరైటు అనే ఖనిజం. వాటితో దొరికిన పళ్ళను వాన్ బెనెడెన్ అనే పండితుడు పరీక్షించి, ఇవి ఇగ్వానోడన్ పళ్ళు అని తేల్చాడు. ఏప్రిల్ 12న గనుల ఇంజనీరు బ్రస్సెల్సు మ్యూజియానికి తంతి కొట్టాడు.

వెయ్యి అడుగుల లోతున, దీపాల మసక వెలుతురులో, ఊపిరాడని చోట, పెళుసైన ఎముకను చెక్కుచెదరకుండా పెకలించడమంటే మాటలా? పైగా ఆ పైరైటు పెద్ద శత్రువైంది. భూమిలో గాలి సోకకుండా ఉన్నన్నాళ్ళూ అది బుద్ధిగా ఉంటుంది. తేమగాలి తగిలితే చాలు, ఉబ్బి, ఎముకను పిండి చేసేస్తుంది. లూయీ ద పా అనే నేర్పరి మ్యూజియం నుంచి వచ్చి, ఎముకలకు తడికాగితం చుట్టి, పైన ప్లాస్టరు పోసి, ఇనుపబద్దీలతో బిగించి, దిమ్మలు దిమ్మలుగా పైకి పంపే పద్ధతి ఏర్పాటు చేశాడు. పని మధ్యలో, అక్టోబరులో, గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చాయి. అందరూ పని వదిలి పైకి రావలసివచ్చింది. మళ్ళీ దిగింది 1879 మే నెలలోనే. మూడేళ్ళపాటు సాగిన ఈ యజ్ఞంలో సుమారు ఆరువందల దిమ్మలు బయటపడ్డాయి. వాటి బరువు 130 టన్నులు! ముప్పైకి పైగా ఇగ్వానోడన్లు, చాలావరకు తల నుంచి తోక దాకా పూర్తిగా దొరికాయి.

ఇది ఎంత అపూర్వమో తెలియాలంటే అంతకుముందు సంగతి చెప్పాలి. ఇంగ్లండులో మాంటెల్ అనే వైద్యుడు 1825లోనే ఈ జంతువుకు పేరు పెట్టాడు. కాని ఆయనకు దొరికినవి కొన్ని పళ్ళు, చెదురుమదురు ఎముకలు మాత్రమే. వాటిలో కొమ్ములాంటి ముక్క ఒకటి ఉంది. కొమ్మన్న తరువాత ఎక్కడో మొలవాలి కదా! ఖడ్గమృగానికి ఉన్నట్టే దీనికీ ముక్కు మీద అతికించారు. 1854లో లండనులోని క్రిస్టల్ పాలెస్ తోటలో నిలిపిన విగ్రహాలకు ఆ ముక్కుకొమ్ము నేటికీ ఉంది. బెర్నిసార్‌లో చేతులు చేతులుగా దొరికాక అసలు గుట్టు బయటపడింది. అది కొమ్ము కాదు, బొటనవేలు! ఏ శత్రువైనా మీదికి వస్తే పొడవడానికి బాకులాంటి బొటనవేలన్నమాట. మధ్యవి మూడు వేళ్ళు గిట్టలవంటివి, నడవడానికి. చిటికెనవేలు వంగుతుంది, కొమ్మ అందుకోవడానికి పనికొస్తుంది. ఒక్క చేతిలో ఇన్ని పనిముట్లు!

1882లో ఒక పాత ప్రార్థనాలయంలో మొదటి అస్థిపంజరాన్ని తాళ్ళతో వేలాడదీసి, ఒక్కొక్క ఎముకా అమర్చి నిలబెట్టారు. లూయీ డొల్లో అనే యువ శాస్త్రజ్ఞుడు ఆ సంవత్సరమే మ్యూజియంలో చేరి, తరువాత ఎన్నో ఏళ్ళు వీటినే చదువుతూ గడిపాడు. జంతువు ఎలా నిలబడేదో తెలుసుకోవడానికి కంగారూ అస్థిపంజరాన్ని, కాసోవరీ అనే పెద్ద పక్షి అస్థిపంజరాన్ని పక్కన పెట్టుకున్నారు. ఆ నమూనా ప్రకారమే ఇవి కంగారూలలాగా తోక మీద ఆనుకుని లేచి నిలబడ్డాయి. సుమారు నూరేళ్ళు లోకమంతా ఇదే నిజమనుకున్నది. 1980లో డేవిడ్ నార్మన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ ఎముకలను మళ్ళీ ఆమూలాగ్రం పరిశీలించి, అది కుదరదన్నాడు. వీపు వెంబడీ, తోక వెంబడీ ఎముకలాగా గట్టిపడిన నరాలున్నాయి. ఆ తోక కర్రలాగా బిగుసుకుని ఉండేదే గాని అలా వంగేది కాదు. ఎత్తి నిలబెట్టడానికి తోకను విరవవలసివచ్చింది! నిజానికి ఆ జంతువు వీపును నేలకు సమాంతరంగా ఉంచి, తోకను వెనక్కి చాచి, ఎక్కువగా నాలుగు కాళ్ళ మీద నడిచేది.

ఈ సంగతి అక్కడి పలకమీద చదివి పిల్లకు చెప్పాను. అది వెంటనే నిలదీసింది: "మరి తప్పని తెలిశాక సరిచెయ్యలేదేం, తాతయ్యా?"

మంచి ప్రశ్నే. మళ్ళీ విడదీస్తే ఈ ఎముకలు బతికి బట్టకట్టవు. అప్పటికే 1930 ప్రాంతాల్లో పైరైటు తెగులు ముదిరితే, అన్నిటినీ విప్పి, లక్క ద్రావణం పట్టించి, గాజుగదిలో పెట్టి కాపాడారు. 1940లో యుద్ధభయంతో నేలమాళిగలోకి దించితే ఆ చెమ్మకు మళ్ళీ చెడిపోసాగాయి. కనుక ఇక కదపరాదని నిశ్చయించి, పాత భంగిమను అలాగే ఉంచి, సరైన భంగిమలో ఒక నమూనాను కూడా తయారుచేసి చూపుతున్నారు.

ఈ పద్ధతి నా మనసుకు నచ్చింది. తాళపత్ర గ్రంథం పరిష్కరించే పండితుడు లేఖకుడి పాఠాన్ని గీకివేయడు. దానిని ఉంచి, సరైన పాఠాన్ని అడుగున సూచిస్తాడు. ఎవరు ఎప్పుడు ఎక్కడ పొరబడ్డారో, ఎవరు దిద్దారో తరువాతివాళ్ళకు తెలియాలి గదా. శిథిలమైన ఆకును బలవంతంగా సాగదీస్తే పాఠం సరిపడదు సరికదా, ఆకే పోతుంది. "వీటిని సరిచేస్తే విరిగిపోతాయమ్మా. అందుకని పక్కన సరైనది పెట్టారు," అన్నాను. పిల్ల కాసేపు రెండిటినీ మార్చిమార్చి చూసి, "పాపం, తోక నొప్పి పుట్టి ఉంటుంది," అన్నది.

ఆ గనిలో ఇగ్వానోడన్లే కాదు, వాటి ఇరుగుపొరుగు కూడా దొరికింది. మూడు వేలకు పైగా చేపలు! తాబేళ్ళు, ఒక చిన్న సాలమాండరు, కొద్దిపాటి పురుగులు, రెండు జాతుల మొసళ్ళు. ఆ మొసళ్ళలో ఒకటి మరీ చిన్నది, రెండడుగులకు మించదు. ఊరి పేరును, గని అధికారి ఫాజెస్ పేరును కలిపి దానికి శాస్త్రీయనామం పెట్టారు. మాంసం తినే డైనోసారు ఆనవాలు కేవలం ఒక వేలి ఎముక. కాని రాళ్ళుగా మారిన మలం ముద్దలు వందలకొద్దీ దొరికాయి. 2006లో ఒక ముద్దను పరిశీలించినవారికి అందులో ఏలికపాముల జాతి పురుగుల గుడ్లు కనిపించాయి. అంత భయంకర జంతువుకూ కడుపులో పురుగులే! పిల్లలకు ఆముదం పట్టిన తల్లులు ఈ మాట విని సంతోషించవచ్చు.

ఆ కాలాన్ని శాస్త్రజ్ఞులు తొలి క్రెటేషియస్ అంటారు. గడ్డి అనేది ఇంకా పుట్టలేదు. శంఖాకార వృక్షాలు, ఫెర్నులు, సరస్సులు, బురదనేలలు. పూలమొక్కలు అప్పుడప్పుడే లోకంలోకి వస్తున్నాయి. వాటి పుప్పొడి కూడా ఆ బంకమట్టిలో దొరికింది. ఆ మట్టి వయసు లెక్కగట్టడానికి అది తోడ్పడింది.

మరి ముప్పై కోట్ల ఏళ్ళకు పైబడిన బొగ్గులో పన్నెండున్నర కోట్ల ఏళ్ళ జంతువులు ఎలా దూరాయి? తాతగారి పెట్టె అడుగున మనవడి చొక్కా దొరికినట్టుంది కదూ! ఎక్కడో పాతాళంలో జిప్సం వంటి ఖనిజం నీటికి కరిగి గుహలు ఏర్పడ్డాయి. పైపొరలు ఆ గుహల్లోకి మెల్లగా కుంగాయి. అలా కుంగిన చోట సరస్సు వెలిసింది. అందులో చచ్చిన జంతువులు బురదలో పూడిపోయి, బురదతో పాటే లోతుకు దిగిపోయాయి. మంద మొత్తం ఒకే రోజున లోయలో పడి చచ్చిందని వెనక అనుకునేవారు. ఇప్పుడు అలా కాదనీ, అనేక పర్యాయాలుగా చనిపోయి చేరాయనీ అంటున్నారు. ఏ కారణాన చచ్చాయన్న వివాదం మాత్రం తెగలేదు.

ఆ ఆదివారం మావాడి కారులో బెర్నిసార్ వెళ్ళాం. గంటకు పైగా ప్రయాణం. ఎర్ర ఇటుకల ఇళ్ళు, సన్నని వీధులు. బొగ్గు యుగం ఏనాడో ముగిసింది. ఊళ్ళో ఒక చిన్న మ్యూజియంలో తమ వాటాగా ఒక ఇగ్వానోడన్‌ను నిలుపుకున్నారు. 1914–18 యుద్ధంలో ఈ ప్రాంతం జర్మనుల చేతిలో ఉన్నప్పుడు వాళ్ళు కూడా ఎముకల కోసం మళ్ళీ సొరంగం తవ్వించారు. అవి చేతికందక ముందే యుద్ధం ముగిసింది. అడుగున ఇంకా ఎన్నో మిగిలి ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ. 2002లో గొట్టపుబావులవంటి రంధ్రాలు తొలిచి మట్టిని పరీక్షించారు కూడా.

అక్కడ నిలబడితే నాకు మన ఆదిలాబాదు ప్రాంతపు యామన్‌పల్లి గుర్తుకు వచ్చింది. అక్కడ దొరికిన డైనోసారుకు 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. అది ఇగ్వానోడన్ కంటె కోట్ల ఏళ్ళు ముందుది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో చూడవచ్చును. బెల్జియం దాకా రాలేనివారు పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళడం మరవకండి.

ఊరికి దగ్గరలోనే హార్షీ అనే చోట పెద్ద చెరువులున్నాయి. అవి ఎవరూ తవ్వించినవి కావు. కింద బొగ్గు తోడేసిన కొద్దీ పైన నేల కుంగి, ఆ పల్లాల్లో నీళ్ళు నిండాయి. రెల్లు పెరిగింది, పక్షులు చేరాయి. ఇప్పుడు అది రక్షిత ప్రదేశం. పక్షులు డైనోసార్ల వంశమేనని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఇగ్వానోడన్ శాఖ కాదు, వాటిని వేటాడిన మాంసాహారుల శాఖ. ఒకనాడు నేల కుంగి సరస్సై మందను మింగింది. మళ్ళీ ఈనాడు నేల కుంగి సరస్సయింది. వేటగాళ్ళ వారసులు ఆ ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి చేపలు పట్టుకుంటున్నారు.