లాగే చక్రం, దొర్లే చక్రం

చెప్పుల సైజు అడిగితే తడుముకునేవాళ్ళు ఉండరు. చొక్కా సైజు భార్యామణి చెబుతుంది. కళ్ళజోడు నంబరు కాగితమ్మీద రాసి ఉంటుంది. కాని ఇంటిముందు నిలబెట్టిన బండి టైరు సైజెంతండీ అని అడిగి చూడండి! కొని పదేళ్ళయినవాడు కూడా లేచి వెళ్ళి, వంగి చూసి వస్తాడు. సైన్సు మేష్టరుగా ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి గనక, మా ఇంట్లో ఆ వంగి చూసే ఉద్యోగం నాకు దక్కింది.

ట్రాక్టరు మా అన్నయ్యది. నడిపేది వాళ్ళబ్బాయి. నలభై అయిదు గుర్రాల బండి. ముందుకి ఎనిమిది గేర్లు, వెనక్కి రెండు. దున్నడానికని కొన్నారు గాని, ఏడాదిలో ఎక్కువ రోజులు అది చేసే పని ట్రక్కు లాగడం. మా వైపు ట్రాలీని ట్రక్కంటారు లెండి. ఎరువు, ఇసుక, ఇటుక, కోతలయ్యాక ధాన్యం. బస్తా 75 కిలోలు. ఎనభై బస్తాలు వేశారంటే 6 టన్నులు. ట్రక్కు సొంత బరువు పైన.

వెనక టైర్లు అరిగి, గుండు గీయించుకున్నట్టు తయారయ్యాయి. కోతలు దగ్గరపడుతున్నాయి. మార్చక తప్పదు. అప్పుడు మావాడు మెల్లిగా మొదలెట్టాడు.

“బాబాయ్, ఎలాగూ మారుస్తున్నాం గదా, ఈసారి పెద్దవి వేయిద్దాం.”

“ఎంత పెద్దవిరా?”

“ఇప్పుడున్నవి 13.6–28. ఏకంగా 16.9 వేయించామంటే బండి ఏనుగులా ఉంటుంది. పక్కూళ్ళో ఒకాయన వేయించాడు. కాలవగట్టు గుర్రంలా ఎక్కేస్తోందట.”

ఏనుగూ గుర్రమూ ఒకే బండిలో ఎలా ఇముడుతాయా అని నాకు సందేహం వచ్చింది. అన్నయ్యకి మాత్రం రాలేదు.

“వాడు చెప్పింది నిజమేరా. మన నాన్న ఎడ్లబండికి ఎప్పుడూ నిలువెత్తు చక్రాలే చేయించేవాడు. చక్రం ఎంత పెద్దదైతే గోతుల్లో అంత తేలిగ్గా దొర్లుతుంది. ఎడ్లకి శ్రమ తగ్గుతుంది” అన్నాడు.

చూశారూ, ఈ మాటలో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే! ఎడ్లబండికి చక్రం పెద్దదైతే మంచిదే. కాని ఆ బండిని లాగేవి ఎడ్లు. చక్రం వెనకాల దొర్లుతూ రావడమే. ట్రాక్టరుకి ఎడ్లెక్కడున్నాయి? అక్కడ వెనక చక్రమే ఎద్దు. దొర్లే చక్రానికి చెల్లిన న్యాయం లాగే చక్రానికి చెల్లదు.

ఎలాగంటారా? నిండు బిందె చంకలో పెట్టుకుని ఊరంతా తిరగగలరు. అదే బిందెను చెయ్యి బారగా చాచి పట్టుకోమంటే రెండు నిమిషాలు నిలవలేరు. భుజం బలం అదే, బిందె అదే. పెరిగింది మధ్యనున్న దూరం. ట్రాక్టరులో భుజం ఇరుసు. ఇంజను బలం గేర్లగుండా ఇరుసు దాకా వచ్చి, అక్కణ్ణించి చక్రం అంచున నేలను తోస్తుంది. ఇరుసుకీ నేలకీ దూరం పెరిగినకొద్దీ ఆ తోపు తగ్గుతుంది. దానికి బదులుగా వేగం పెరుగుతుంది. పెద్ద టైరు వేయించడమంటే, ఉన్న ఎనిమిది గేర్లనీ తలా కాస్త పైకి జరపడమే. చక్రాన్ని మనం గేర్ల లెక్కలో వేసుకోం గాని, నిజానికి అదే ఆఖరి గేరు.

అంకెల్లో చెబితే బాగా తెలుస్తుంది. 13.6 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో. 28 అంటే లోపలి రిమ్ము అడ్డుకొలత. వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. 13.6 టైరు నిలువెత్తు సుమారు 1310 మిల్లీమీటర్లు. 14.9 అయితే 1365. 16.9 అయితే 1435. అంటే మావాడు కోరిన టైరుతో వేగం నూటికి తొమ్మిదిన్నర పెరుగుతుంది; లాగుడు రమారమి అంతే తగ్గుతుంది. మధ్యరకమైన 14.9 తో అయితే తేడా నూటికి నాలుగు.

“నూటికి తొమ్మిది ఒక లెక్కా బాబాయ్!” అన్నాడు వాడు.

చదును రోడ్డు మీద లెక్క కాదు. గట్టు దగ్గర లెక్కే. పొలంనించి కాలవగట్టు మీదికి ఎక్కుడు నిటారుగా ఉంటుంది. ఇప్పుడు వాడు నిండు ట్రక్కుతో మూడో గేరులో ఎక్కుతున్నాడు, అదీ ఇంజను మూలుగుతూ. ఆ లాగుడు ఇంకో పిసరు తగ్గిందంటే మూడు చాలదు, రెండు కావాలి. కిందనే రెండులో వేసుకుని బయల్దేరితే బాధ లేదు. మూడులో సగం ఎక్కాక చాలదని తెలిస్తే? క్లచ్చి తొక్కాలి. తొక్కిన ఆ క్షణంలో ఇంజనుకీ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. వెనక 6 టన్నుల ధాన్యం పొలం వైపు పిలుస్తూ ఉంటుంది. పోనీ సగం క్లచ్చి మీద నిలబెడదామంటే ప్లేటు మాడిన వాసన ఊళ్ళోకి వస్తుంది.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. గట్టు దిగాక కల్వర్టు దగ్గర మలుపుంది. మా ట్రక్కుకి బ్రేకు లేదు. ఉన్న బ్రేకులన్నీ ట్రాక్టరువే. చక్రం పెద్దదైతే తోపు తగ్గినట్టే, ఆ బ్రేకు పట్టూ, గేరులో దిగేటప్పుడు ఇంజను ఇచ్చే పట్టూ అదే పాళ్ళలో తగ్గుతాయి. వెనకనించి ట్రక్కు తోసుకొచ్చిందంటే బండి చాకులా మడతపడుతుంది. బస్తాలమీద కూలీలు కూర్చోకూడదు, కాని కూర్చుంటారు. మా వదిన, కొడుకు ఆ మలుపు దాటి ఫోను చేసిందాకా పొయ్యి మీద ఏం పెట్టిందో కూడా చూసుకోదు.

మూడోది కొక్కెం. వెనక టైరు ఆ లెక్కన పెరిగితే, ట్రక్కు తగిలించే కొక్కెం రెండంగుళాల పైచిలుకు లేస్తుంది. ముందు టైర్లు మాత్రం ఆ పాత 6.00–16 లే. కొక్కెం ఎంత ఎత్తున ఉంటే, లాగేటప్పుడు ట్రాక్టరు ముక్కు అంత తేలిగ్గా పైకి లేస్తుంది. ముందు చక్రాలు నేలను వదిలేస్తే స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే. “గుర్రంలా ఎక్కుతోంద”ని పక్కూరాయన అన్నది ఈ అర్థంలోనేమో, గుర్రాలు ముందుకాళ్ళెత్తడం మనం ఎరుగుదుం!

పెద్ద టైర్లన్నీ పనికిరానివని నేనన్నానని అపోహ పడకండి. వాటి సుగుణాలు వాటికున్నాయి. నేలను ఎక్కువ మేర పట్టుకుంటాయి. మెత్తటి పొలంలో దిగబడవు, మట్టిని గట్టిపరచవు. అసలు ప్రశ్న ఒక్కటే: బండి మొరాయించినప్పుడు చక్రం జారుతోందా, ఇంజను మూలుగుతోందా? ఇంజనులో బలముండి చక్రం జారుతూంటే పెద్ద టైరు, లేదా టైర్లో నీళ్ళు, లేదా ఇనప బరువులు పరిష్కారం. చక్రం పట్టుగానే ఉండి ఇంజను ఆయాసపడుతూంటే పెద్ద టైరు వేయడం, రొప్పుతున్నవాడి నెత్తిన ఇంకో మూట పెట్టడమే.

మర్నాడు మావాడితో గట్టు దాకా వెళ్ళి, ఎక్కుడు పక్కన నిలబడి చూశాను. అరిగిన టైర్లతో కూడా చక్రం జారలేదు. ఇంజను మాత్రం నల్లటి పొగ వదిలింది. “చూశావా, అడుగుతున్నది పెద్ద చక్రం కాదురా, చిన్న గేరు” అన్నాను. వాడు తలూపాడు గాని, మొహంలో ఏనుగు ఇంకా కదులుతూనే ఉంది.

అప్పుడొక కథ చెప్పాను. 1930ల మొదటిదాకా ట్రాక్టర్లకి మన దమ్ము చక్రాల్లాంటి ఇనప చక్రాలే ఉండేవి. రబ్బరు టైర్లు రైతులు నమ్మరని, అమెరికాలో అల్లిస్ చామర్స్ కంపెనీ మోటారు పందేల్లో పేరుమోసిన బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ చేత 1933లో ట్రాక్టరు పరిగెత్తించింది. గంటకు 64 మైళ్ళు పోయింది! మావాడి కళ్ళు మెరిశాయి. “కాని వాళ్ళు టైర్లు వేసి ఊరుకోలేదురా, ఆ పరుగుకి తగ్గట్టు గేర్లూ మార్చారు. పైగా వెనకాల ఎనభై బస్తాలు లేవు” అన్నాను. మెరుపు కాస్త తగ్గింది.

పూర్తిగా ఆర్పినవాడు టైర్ల కొట్టతను. “మేష్టారూ, 13.6 రిమ్ముకి 16.9 ఎక్కిస్తే పొట్ట ఉబ్బిన కుర్రాడికి బిగుతు లాగు తొడిగినట్టు ఉంటుందండి. రిమ్ములూ మార్చాలి” అని, రిమ్ముల ధర చెప్పాడు. అరగంట నేను చెప్పిన భౌతికశాస్త్రం చేయలేని పని ఆ ఒక్క అంకె చేసింది. అయితే 14.9 వేయిద్దామా అన్నాడు వాడు ఆఖరి ఆశగా. మా బండికి కంపెనీ ఆ సైజు కూడా ఒప్పుకుంది. దుక్కి ఎక్కువ ఉన్నవాళ్ళకి అది మంచిదే. మాది లాగుడు బండి. పాత 13.6 సైజే కొత్తవి కొన్నాం. వాన రోజుల్లో కళ్ళంలో జారకుండా మూడొంతులు నీళ్ళు పట్టించాం.

అన్నయ్య సిద్ధాంతం ఓడిపోయిందనుకోకండి. మిగిలిన డబ్బుతో ట్రక్కుకీ టైర్లు మారుద్దామంటే, కొట్టతను చవకలో వస్తాయని 7.50–16 చూపించాడు. “దొర్లే చక్రం చిన్నదైతే ఎలాగయ్యా!” అని అన్నయ్య గదమాయించి, ఉన్న 9.00–16 సైజే వేయించాడు. బరువుకీ గోతులకీ కూడా అదే సరైంది. నేనింక నోరెత్తలేదు. ట్రక్కు వెనక్కి ఎర్ర రిఫ్లెక్టర్లు మాత్రం నా పట్టుమీద బిగించారు. చీకట్లో ఆగి ఉన్న ట్రక్కు కనబడక పోయిన ప్రాణాలు మా రోడ్డుమీదే ఉన్నాయి.

మావాడిప్పుడు గట్టు కింద ఆగి, రెండో గేరు వేసుకుని, క్లచ్చి జోలికి పోకుండా ఎక్కుతున్నాడు. దిగేటప్పుడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చెయ్యడం మానేశాడు. వదిన పొయ్యి మీద కూర మాడడం లేదు.

కొత్త టైర్లకి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది కూడా ఆవిడే. బండి కదిలింది. నిమ్మకాయలు చితికాయి. “నా ఎదట ఏ సైజయితేనేం” అన్నట్టున్నాయి అవి.