తాళాలైతే ఇచ్చాను గానీ...

మా మనవరాలు ఈ ఏడు ఎనిమిదిలోకి వచ్చింది. వేసవి సెలవుల్లో ఊరికే ఉంటారని కాబోలు, ఓ ఇరవై ఇంగ్లీషు జాతీయాలిచ్చి అర్థాలు రాసుకురమ్మంది వాళ్ళ టీచరు. చిత్రమేమిటంటే అవన్నీ ఏదో ఒకటి వదిలేయడం గురించో, ఇంకొకరికి అప్పగించేయడం గురించో ఉన్నవే!

"మామ్మా, నువ్వు బి.ఏ. చదివావుగా, చెప్పవూ?" అంటూ పుస్తకం పట్టుకుని నా మంచమెక్కింది. నేను బి.ఏ. చదివానన్న సంగతి ఈ ఇంట్లో ఒకరికి గుర్తున్నందుకే నాకు కడుపు నిండిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని దర్జాగా కూర్చున్నాను.

మొదటిదే "హ్యాండ్ ఓవర్ ది రెయిన్స్". ఇంకేం, మన పగ్గాలు అప్పగించడమే! వాళ్ళకి గుర్రం, మనకి ఎద్దులబండి, అంతే తేడా. దాని తర్వాత "గివ్ ఫ్రీ రెయిన్". పగ్గం వదులుచేసి గుర్రాన్ని దాని దారిన పోనివ్వడమన్నమాట. మా పిల్ల స్పెల్లింగు తప్పురాసి, రెయిన్ అంటే ఏలుబడి అనే మాట పెట్టింది. పలకడం రెండూ ఒకటేలెండి, పెద్దవాళ్ళు కూడా తప్పు రాస్తారు. దిద్దించాను.

"త్రో ఇన్ ది టవల్" దగ్గర దానికి నవ్వాగలేదు. తువ్వాలు విసరడమేమిటని! బాక్సింగులో తమవాడు దెబ్బలకి తట్టుకోలేకపోతున్నాడనుకుంటే, వాడి తరఫు మనిషి బరిలోకి తువ్వాలు విసిరేవాడట, ఓడిపోయాం, ఆపేయమని. మనం చేతులెత్తేశాం అంటామే, అదే. "వాష్ యువర్ హ్యాండ్స్" అంటే చేతులు కడిగేసుకోవడం. ఏసుప్రభువుని శిలువ వేయించే ముందు పిలాతు అనే అధికారి, ఈ పాపం నాది కాదంటూ అందరి ముందూ చేతులు కడుక్కున్న కథ బైబిల్లో ఉంది. మనవాళ్ళు కడుక్కోరు, దులుపుకుంటారు.

కానీ నీళ్ళ సంగతొస్తే మనల్ని మించినవాళ్ళు లేరండీ! ఆశ వదులుకుంటే 'నీళ్ళొదులుకున్నాం' అంటాం. ఉన్నదంతా ఇచ్చేస్తే 'ధారపోశాం' అంటాం. బలిచక్రవర్తి వామనుడికి మూడడుగుల నేల దానమిచ్చింది నీళ్ళు ధారపోసే కదా! చెంబుకొమ్ముకి అడ్డుపడబోయి శుక్రాచార్యుడు కన్ను పోగొట్టుకున్నాడు. పూర్తిగా తెంచేసుకుంటే 'తిలోదకాలిచ్చాం' అంటాం. అది పోయినవాళ్ళకి వదిలే నువ్వులూ నీళ్ళూ. ఎంత మాటో చూడండి! ఏ మానేసిన సీరియల్ గురించో కూడా వాడేస్తుంటాం.

"టైడ్ టు మదర్స్ ఏప్రన్ స్ట్రింగ్స్" అంటే అచ్చం మన 'అమ్మ కొంగు పట్టుకు తిరగడం'. దానికి మీ నాన్నే ఉదాహరణ అని చెప్పాను. వాడు పేపరు చాటు నుంచి విని "అమ్మా!" అన్నాడు.

ఆ తర్వాత "పాస్ ది బేటన్" వచ్చింది. ఇది మాత్రం నాకంటే మావారికే బాగా తెలుసు, టీవీలో పరుగుపందేలన్నీ చూస్తారు కదా. నలుగురు తలో నూరు మీటర్లూ పరిగెత్తే పందెంలో చేతికర్ర అందించడానికి 30 మీటర్ల హద్దు ఉంటుందట. కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఆ హద్దులోనే మారిపోవాలి. అది దాటాక మారితే జట్టు మొత్తం పందెంలోంచి అవుట్. ఇద్దరూ ఒక్క క్షణం ఒకే కర్ర పట్టుకుని పరిగెడతారట. ఆ వెంటనే మొదటివాళ్ళు వదిలెయ్యాలి.

ఆయన చెప్పడం ఆపి నా వంక అదోలా చూశారు. నేనేం పట్టించుకోలేదు.

చివరికి "టేక్ ఎ బ్యాక్ సీట్". వెనక సీట్లో కూర్చోవడం, అంటే పెత్తనం వదిలి పక్కకి తప్పుకోవడం. "ఇదిగో, నాలాగన్నమాట" అన్నాను గర్వంగా. సంక్రాంతి నాడే బీరువా తాళాలగుత్తి బొడ్లోంచి తీసి, కోడలి చేతిలో పెట్టి, 'ఇకనుంచి వంటిల్లు నీదేనమ్మా' అన్నాను మరి!

మా పిల్ల ఏమందో తెలుసా? "నువ్వు బ్యాక్ సీట్ కాదు మామ్మా, బ్యాక్ సీట్ డ్రైవర్‌వి!"

అంటే వెనక కూర్చుని 'ఇటు తిప్పు, అటు తిప్పు, బ్రేకెయ్యి' అని ప్రాణం తీసే మనిషట. వంటింట్లో కోడలు కిసుక్కున నవ్వడం వినపడింది. నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, 'ఆవాలు చిటపటలాడాయా? కందిపప్పు రెండు విజిల్స్ చాలు!' అంటూ హాల్లోంచి రోజూ కేకలేస్తున్నది నేనేగా! 30 మీటర్లు ఎప్పుడో దాటిపోయినా కర్ర వదలకుండా ఆ పిల్ల వెనకే పరిగెడుతున్నాను.

అంతకంటే పెద్దది ఇంకొకటుంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పన్నెండేళ్ళుగా కోడలు ఆవకాయ పాళ్ళు అడుగుతూనే ఉంది. 'నా చెయ్యే కొలత, నీకెలా చెప్పను?' అని ప్రతిసారీ తప్పించుకున్నాను. అబద్ధం! మా అత్తగారిచ్చిన గిన్నెతో కొలిచి మరీ వేస్తాను. ఆవకాయ రోజున "ఆవిడ చేత్తో పెడితేనే రుచి" అని అందరూ అనాలి, అదీ నా కోరిక.

ఆ వారంలోనే కాయలొచ్చాయి. గిన్నె తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద పెట్టాను. "రాసుకోమ్మా. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ముప్పాతిక. గుప్పెడు మెంతులు. నువ్వులనూనె ముక్క మునిగేదాకా" అన్నాను. కోడలు రాసుకోలేదు. గిన్నె వంకా నా వంకా చూసింది. "గిన్నె ఉందా అత్తయ్యగారూ!" అంది.

ఆ పూట కాళ్ళు కట్టేసినట్టు హాల్లోనే కూర్చున్నాను. ఆవఘాటు ముక్కుకి తగులుతోంది, కాయ తడి ఆరిందో లేదో అని మనసు పీకుతోంది. నోరు మాత్రం విప్పలేదు.

మూడోనాడు తిరగకలుపుతూ రవ్వంత నాలుకమీద వేసుకోమని నాకు ఇచ్చింది. ఉప్పు తక్కువైంది. ఉప్పు చాలకపోతే ఆవకాయ బూజు పట్టదూ! ఏడాదికి సరిపడా పచ్చడి! చెబితే డ్రైవరు, చెప్పకపోతే జాడీ మొత్తం దండగ. ఏం చెయ్యనురా భగవంతుడా అనుకుంటూండగానే తనూ వేలితో తీసి రుచి చూసింది. కాసేపు ఆలోచించింది. ఉప్పు డబ్బా తెచ్చి, పిడికెడు వేసి, అడుగు దాకా కలిపింది.

"ఇప్పుడు చూడండి" అంది.