బీరువా మీది వీణ

పోయిన వేసవిలో ఏలూరు వెళ్ళినప్పుడు మామయ్య నా చేతికి ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చాడు. "నువ్వు డాక్టరేట్ చేసినదానివి కదమ్మా, నా వాయిద్యాలన్నిటికీ పద్ధతిగా ఒక లిస్టు రాసిపెట్టు. ఏది ఎప్పుడు కొన్నానో, ఎక్కడ వాయించానో. నా తర్వాత ఎవరికీ తెలీదు" అన్నాడు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్‌కి మా బంధువుల్లో దొరికిన మొదటి ఉపయోగం ఇదే. నవ్వుకుంటూనే కూర్చున్నాను.

మామయ్య గిటారిస్టు. జీతమిచ్చిన ఉద్యోగం వేరే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, వినాయకచవితి పందిళ్ళకీ, క్రిస్మస్ కార్యక్రమాలకీ ముప్ఫై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో వాయించాడు. ముందుగది గోడకి ఐదు వాయిద్యాలు వేలాడుతుంటాయి. మొదటి జీతంతో కొన్న కలకత్తా గివ్సన్ గిటారు, ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో వాయించే హవాయిన్ గిటారు, ఒక ఎలక్ట్రిక్, ఒక బేస్. ఐదోది మాండలిన్. దాని దగ్గరికి వచ్చేసరికి మామయ్య గొంతు మారిపోతుంది.

మా వైపు మాండలిన్ అంటే శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో వాళ్ళ నాన్న మాండలిన్ తీసుకుని వాయించడం మొదలుపెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. జంట తీగల వాయిద్యాన్ని ఒంటి తీగలకి మార్చి, ఐదో తీగ చేర్చి, కర్ణాటక గమకాలు పట్టేలా చేసుకున్నాడు. 2014లో నలభై ఐదేళ్ళకే పోయాడు. మామయ్య కూడా తన మాండలిన్‌కి జంట తీగలు ఊడదీసి ఒంటి తీగలు వేశాడు. "గమకం మాత్రం రాలేదమ్మా" అని నిజాయితీగా ఒప్పుకుంటాడు. ఇంట్లో నాన్న వాయిద్యం ఆడపిల్ల ముట్టుకుని ఉంటే ఏమయ్యేదని నేను అడగలేదు. అడగాల్సిందే.

నోట్‌బుక్‌లో ఒక గడి దగ్గర పని ఆగింది. తీగలు చివరిసారి ఎప్పుడు మార్చారు? మామయ్య వంటింటి వైపు చూశాడు. "గివ్సన్‌కి సంక్రాంతికి ముందు. బేస్‌కి మార్చి మూడేళ్ళయింది" అని అత్తయ్య లోపల్నించే చెప్పింది. కొల్లేటి గాలికి ఉక్కు తీగ నెల తిరక్కుండా తుప్పు పడుతుంది. వాయించాక చెమట తుడవాలి, వానాకాలం తీగలు కాస్త వదులు చెయ్యాలి, పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు వెయ్యాలి. మందుసీసాల్లో వచ్చే ఆ చిన్న పొట్లాలు అత్తయ్య దాచి, ఎండలో పెట్టి మళ్ళీ వాడుతుంది. తుడిచేది తన పాత నూలు చీర ముక్కతో. ఆ సాయంత్రం లిస్టులో సగం గళ్ళు వంటింట్లోంచి వచ్చిన జవాబులతోనే నిండాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళు కొల్లేటిలోకి దిగి లంక గ్రామాలు మునిగినప్పుడు, వీళ్ళ ఇంటి గుమ్మం దాకా నీళ్ళొచ్చాయి. గిటార్లన్నీ అత్తయ్యే ఒక్కొక్కటీ పక్కింటి మేడ మీదికి చేరవేసిందట. మామయ్యకి నడుంనొప్పి. "మరి నీ వీణో?" అన్నాను, ఎందుకో అప్పుడు గుర్తొచ్చి.

"అదెలాగూ పైనే ఉందిగా" అని నవ్వింది.

గోద్రెజ్ బీరువా మీద, పాత దుప్పటి చుట్టి. నూజివీడు వీణ, పనసకర్రది. తాడేపల్లిగూడెంలో పెళ్ళిచూపులకి ముందు వాళ్ళ నాన్న చేయించాడు. పెళ్ళివారి ముందు రెండు కీర్తనలు వాయించింది. కాపురానికొచ్చాక మొదటి ఏడాది కొంచెం, ఆ తర్వాత లేదు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. 1960లు, 70ల స్త్రీల నవలల్లో సంగీతం తెలిసిన నాయికల మీద నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే ఉంది. కళావంతుల స్త్రీలను సంస్కరణ పేరుతో వేదికల నుంచి తప్పించడం, 1947 దేవదాసీ చట్టం, వీణ మధ్యతరగతి పెళ్ళికూతురి అర్హతగా మారడం, అన్నీ రాశాను. వీణ ధనమ్మాళ్ (1867–1938) మద్రాసులో తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వాయిస్తే రసికులు వచ్చి మాట్లాడకుండా కూర్చుని వినేవారని కూడా రాశాను. అది ఆమె ఇల్లు, ఆమె పెట్టిన వేళ. ఆ అధ్యాయంలో కొంత భాగం నేను రాసింది ఈ ఇంట్లోనే, ఈ బీరువా పక్కన మంచం మీద కూర్చుని. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

అత్తయ్య ఎవరూ మానమనలేదంటుంది. నేను నమ్ముతాను. మామయ్య అలా అనే మనిషి కాదు. కానీ గిటారుని గోడ మీంచి తీసి ఐదు నిమిషాలు వాయించి మళ్ళీ తగిలించెయ్యొచ్చు. పాలు పొంగేలోపు ఒక పల్లవి అయిపోతుంది. వీణ అలా కుదరదు. చాప వెయ్యాలి, బాసింపట్టు వేసుక్కూర్చోవాలి, ఏడు తీగలూ శ్రుతి చెయ్యాలి, ఎవరూ పిలవని గంట ఒకటి కావాలి.

దించాం. మెట్లు ఇరవైనాలుగూ నిలబెట్టే మైనం వేసవి వేడికి మెత్తబడి, చలికి బిగుసుకుని, బీటలు వారింది. మూడు మెట్లు దుప్పట్లోనే ఊడి ఉన్నాయి. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని కష్టం మీద కూర్చుని మిగిలిన ఒక్క తీగనీ మీటింది. మామయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు.

"దీన్ని ఆరో నంబరు వెయ్యమ్మా" అన్నాడు, మనస్ఫూర్తిగానే.

"మీ లిస్టులో వద్దులెండి" అంది అత్తయ్య.

ఆదివారం నూజివీడు వెళ్దామన్నాను. మామయ్య దగ్గర నేర్చుకునే పిల్లలు వస్తారు, టిఫిన్లు చెయ్యాలి, కుదరదంది. బుధవారం వెళ్ళాం. పనివాడు కుండ మీద వేలితో కొట్టి విని, కర్రకేం కాలేదు, మెట్లన్నీ తీసి మళ్ళీ కట్టాలన్నాడు. అడ్వాన్సు తన పర్సులోంచే ఇచ్చింది.

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "పొద్దున్నయితే పనిమనిషి వస్తుంది. పదకొండింటికి కూర. మూడింటికి ఆయన లేచి టీ అంటారు... రెండు నుంచి మూడు దాకా అయితే, ఏమంటావే?"