గొంతు పరీక్ష



అమెరికాలో పుట్టి పెరిగిన మా మనుమరాలు మొన్న ఫోను చేసి, "తాతా, నేను కాలేజీలో మ్యూజికల్ థియేటర్ చదువుతాను" అన్నది. పాట, మాట, ఆట మూడింటినీ కలిపి నేర్పే చదువట. ముందు వీడియో పంపవలె. అది నచ్చినచో ఎదుట నిలిచి పాడవలె, ఏకపాత్ర చెప్పవలె, నర్తించవలె. పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ 1914 నుండి నాటకానికి పట్టమిస్తున్న విద్యాసంస్థ. అటువంటి చోట వేయిమందికి పైగా పరీక్షకు నిలిస్తే, ఈ శాఖలో చేర్చుకొనేది పాతికమందికి లోపే.

"నన్ను తీసుకోకపోతే?" అని అడిగింది. వెంటనే బదులు చెప్పలేకపోయాను.

మన వైపు ఏమున్నదని ఆలోచించాను. తిరుపతిలో దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల 1959 నాటిది. అక్కడ గాత్రమున్నది, నాట్యమున్నది, హరికథ ఉన్నది. ఒక్కరే పాడి, ఆడి, పాత్రలన్నీ తామే అయ్యే హరికథయే ఆ అమెరికా చదువుకు దగ్గరి చుట్టమనిపిస్తుంది. అదే 1959లో పుట్టిన ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయంలో పట్టభద్రులకు మూడేండ్ల శిక్షణ. సీట్లు కొద్ది, తొలి పరీక్ష నెగ్గినవారిని కొన్ని దినాలు దగ్గర ఉంచుకొని చూచి మరీ ఎన్నుకొంటారు. ఇక 1885లో కడప సీమలో కీచకవధతో మొదలైన సురభి వారికి పరీక్షయే లేదు. ఆ ఇంట పుట్టడమే ప్రవేశం. ఉయ్యాలలోని బిడ్డ కూడ రంగస్థలమెక్కుతుంది.

ఇంతలో నేను పెట్టిన పరీక్ష గుర్తుకు వచ్చింది.

1988లో మా పాఠశాల వార్షికోత్సవానికి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం నుండి రాయబార ఘట్టం ఎన్నుకొన్నాము. కృష్ణ పాత్రకు పదవ తరగతి బాలుడొకడు ముందుకు వచ్చాడు. గొంతు మారే వయస్సు. పై షడ్జం దగ్గర గొంతు జారింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. "నీకు పద్యం అబ్బదురా, పో" అన్నాను. అంతా కలిసి నాలుగు నిమిషాలు.

పన్నెండేండ్ల తరువాత పలమనేరు వైపు ఒక పల్లెలో భారతం చూడబోయాను. మన జిల్లాలో అది పద్దెనిమిది దినాల పండుగ. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. దుర్యోధనుని గొంతు ఊరి చివరి వరకు మోగుతున్నది. తెల్లవారిన తరువాత ఆ నటుడే వచ్చి నా కాళ్ళకు మొక్కాడు. ఆ బాలుడే!

"గొంతెట్లా వచ్చిందిరా?" అన్నాను.

"మా గురువు నన్ను పాడమనలేదు అయివోరా. రెండేండ్లు తాళాలిచ్చి పక్కన నిలబెట్టినాడు. గొంతు దానంతటదే కుదురుకునింది."

మిత్రులారా, సీట్లు కొద్దిగా ఉన్నచోట వడపోత తప్పదు. కాని పరీక్ష ఆనాటి గొంతును మాత్రమే చూడగలదు. రాబోయే గొంతు కొరకు ఎవరో ఒకరు వేచి ఉండవలె. మనుమరాలికి ఈ కథే చెప్పాను. కాసేపు మాటలేదు.

"ఆయనకు సారీ చెప్పినావా తాతా?" అన్నది.

చెప్పలేదు. ఈ వేసవి భారతానికి ఆ పల్లెకు పోవలె.