చేతికందే దూరంలో వరయాడు

హజ్ నియమాలు బోధించేటప్పుడు, ఇహ్రాం స్థితిలో వేట నిషేధమనే ప్రకరణం దగ్గరకు రాగానే విద్యార్థుల ఆసక్తి సన్నగిల్లడం ఏటా గమనిస్తుంటాను. విమానంలో దిగి బస్సులో మక్కా చేరే హాజీకి వేటజంతువు ఎక్కడ ఎదురవుతుందని వారి సందేహం. సందేహం సహేతుకమే. అల్ మాయిదా సూరాలో చేతులకు, ఈటెలకు అందే వేటతో విశ్వాసులను పరీక్షించడం గురించిన ప్రస్తావన ఉంది. హుదైబియా ప్రయాణంలో అడవి జంతువులు, పక్షులు విడిదిలోకే వచ్చేవని వ్యాఖ్యాతలు వ్రాశారు. ఇవన్నీ గ్రంథాలలో చదివినవే. కంటితో చూసింది మాత్రం మొన్న, ఎరవికులంలో.

కేరళలోని ఇడుక్కి జిల్లాలో, మున్నార్‌కు సమీపాన ఉన్న ఈ జాతీయ ఉద్యానం విస్తీర్ణం 97 చదరపు కిలోమీటర్లు. దక్షిణ భారతంలోకెల్లా ఎత్తయిన ఆనముడి శిఖరం (2,695 మీటర్లు) దీనిలోనిదే. అటవీశాఖ బస్సు రాజమల దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి కాలినడక. ఒకవైపు నల్లని రాతిచరియ, మరోవైపు పచ్చిక, లోయల మడతల్లో షోలా అడవులు. వాన నీటిని పట్టి ఉంచి వాగులకు మెల్లగా అందించేవి ఈ పచ్చికా, ఈ అడవులే.

మలుపు తిరగగానే బాట అంచున వరయాడు నిలబడి ఉంది. కొండచరియ మేక అని ఆ పేరుకు అర్థం. నీలగిరి తార్ అనేదీ దీనినే. పడమటి కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని జీవి. చేయి చాపితే కొమ్ము అందుతుంది. అది తలెత్తి మమ్మల్ని చూసి, మళ్ళీ గడ్డి మేయసాగింది.

“నానా, ఇది పారిపోదేం?” అన్నాడు మనవడు.

ఒకప్పుడు తేయాకు తోటల దొరలు వేటాడిన నేల ఇది. 1975లో అభయారణ్యమైంది, 1978లో జాతీయ ఉద్యానమైంది. తరాలుగా తుపాకీ చప్పుడు వినని మందకు మనిషంటే భయం పోయింది. పిల్లలు పుట్టే కాలంలో, ఫిబ్రవరి, మార్చి ప్రాంతాల్లో, సందర్శకులను అసలు రానివ్వరు. హరమ్‌లో స్థలాన్ని బట్టి, ఇహ్రాంలో స్థితిని బట్టి నిషేధం. ఇక్కడ ఋతువును బట్టి.

ఇంతలో ఒక పెద్దమనిషి ఫోటో కోసం తన బిడ్డను దాని పక్కకు నెట్టబోయాడు. కాపలాదారు వారించాడు. నిషేధం ఎంత సూక్ష్మమైనదో అప్పుడు మనవడికి చెప్పాను. అబూ ఖతాదా (రజి) ఇహ్రాంలో లేరు గనుక అడవి గాడిదను వేటాడారు. ఇహ్రాంలో ఉన్న సహచరులు ఆ మాంసం తినవచ్చా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, వారిలో ఎవరైనా ఆ జంతువును వేలితో చూపించారా అని దైవప్రవక్త (స) విచారించారు. వాడు వరయాడు వైపు చాపిన వేలును చప్పున ముడుచుకున్నాడు. మనం ఇహ్రాంలో లేము, చూపించవచ్చులే అన్నా వినలేదు.

“మరి ఇహ్రాంలో దీన్ని చంపితే పరిహారం ఏమిటి?”

జింకకు బదులు మేకను ఇవ్వాలని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు ఇచ్చారనీ, దీనికి సమానమైన పశువేదో న్యాయవర్తనులైన ఇద్దరు నిర్ణయించాలనీ చెప్పాను.

వాడు కాసేపు ఆలోచించి, “అయితే ఆ ఇద్దరూ ముందు దీన్ని చూసి ఉండాలి కదా నానా!” అన్నాడు.

పొగమంచు క్రిందికి దిగుతున్నది. ఆ మేక నింపాదిగా బాట దాటి, నిట్టనిలువు రాతి మీదికి ఎక్కిపోయింది.