మా పాల్వంచలో ఆరడుగుల దారి

మీది ఏ ఊరమ్మా అని ఎవరైనా అడిగితే, పాల్వంచ అంటాను. "ఓ, భద్రాచలం వెళ్ళే దారిలో కదా!" అంటారు వెంటనే. అందరికీ మా ఊరు ఒక దారి. కొత్తగూడెంలో బస్సెక్కితే అరగంటలో వస్తుంది, కిటికీలోంచి చూస్తుండగానే దాటిపోతుంది. రామయ్య దర్శనానికి పోయేవాళ్ళకు మా ఊళ్ళో దిగే పనేం ఉంటుంది చెప్పండి?

కానీ దిగితే చూడదగ్గవి చాలానే ఉన్నాయి. భద్రాచలం రోడ్డు మీద పెద్దమ్మ తల్లి గుడి ఉంది. ఆదివారం వస్తే ఆ చెట్ల కింద ఎక్కడ చూసినా పొయ్యిలు, పొగ, చుట్టాలు. ఇంకోవైపు అడవిలోకి పోతే కిన్నెరసాని డ్యామ్, జింకల పార్కు. థర్మల్ స్టేషన్‌కు నీళ్ళ కోసం కట్టిన డ్యామ్ అది. విశ్వనాథ వారు కిన్నెరసాని పాటలు రాసింది ఈ వాగు మీదే.

మొన్న దసరా సెలవులకు మా వదిన, అంటే మా వారి అక్కయ్య, హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ వాళ్ళమ్మను అడిగింది. "ఏమ్మా, గుడికి పోవట్లేదా? ఈపాటికి ప్రదక్షిణాలు అయిపోయేవి కదా నీకు?"

మా అత్తయ్య ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి మోకాలు నిమురుకుంది.

రామాలయం మా వీధి చివరే. నాలుగు వందల అడుగులు కూడా ఉండదు. మొన్న ఎండాకాలంలో అత్తయ్య గుడి నుంచి వస్తుంటే కాలువ మీద బిళ్ళ కదిలి కాలు జారింది. ఆ బిళ్ళ మీద ఎందుకు నడిచిందీ అంటే, పక్కన స్కూటర్లు పెట్టి ఉన్నాయి. స్కూటర్లు దాటి రోడ్డెక్కుదామంటే ఎదురుగా ఆటో. ఎవరి తప్పూ లేదు. స్కూటరు పెట్టుకునే వాడికి చోటు లేదు, ఆటో అబ్బాయికి చోటు లేదు, మా అత్తయ్యకూ చోటు లేదు. మోకాలు వాపు నెలకు తగ్గింది గానీ భయం తగ్గలేదు. అప్పటి నుంచి దేవుడి గదిలోనే నమస్కారం. ఆమెకు గుడి అంటే దేవుడొక్కడే కాదండీ. అరుగు మీద కూర్చునే నలుగురు స్నేహితురాళ్ళు కూడా. వాళ్ళనూ చూసి నాలుగు నెలలైంది.

వరండాలో సైకిలు ఒకటి గాలి లేకుండా నిలబడి ఉంది చూడండి, అది మా అమ్మాయిది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ముచ్చటపడి కొన్నాం గానీ మెయిన్ రోడ్డు దాటించాలంటే నా గుండె ఆగిపోతుంది. అది ఊళ్ళో రోడ్డులా కనిపించే జాతీయ రహదారి, ముప్ఫయ్యో నంబరు. భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ పోయే లారీలన్నీ మా కూరగాయల బండ్ల పక్క నుంచే పోతాయి. అందుకని ఆటోకు నెలకింత అని కట్టి పంపిస్తున్నాం.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇలా ఉండేది కాదు. థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు మారే వేళకు రోడ్డంతా సైకిళ్ళే. వెనక కట్టుకున్న క్యారేజీలు గణగణమని మోగుతుంటే, ఆ చప్పుడు విని మేం పొయ్యి మీద బియ్యం పెట్టేవాళ్ళం. 1966లో మొదటి యూనిట్ మొదలైన స్టేషన్ అది. పాత యూనిట్లు మూతబడ్డాయి. ఊరు ఎక్కడి నుంచి చూసినా కనిపించే ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పేల్చి పడగొట్టారు. మేడల మీద నిలబడి చూశాం. అంత పెద్దవి కూలుతుంటే అందరూ చూశారు గానీ, సైకిళ్ళు ఒక్కొక్కటే ఎప్పుడు మాయమయ్యాయో ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం వదినను కిన్నెరసాని తీసుకెళ్ళాం. యానంబైలు మీదుగా అడవి దారి. దారి పొడవునా ఎవరో ఒకరు నడుస్తూనే ఉన్నారు. నెత్తిన కట్టెల మోపుతో ఆడవాళ్ళు, సంచులు భుజాన వేసుకుని బడిపిల్లలు. బండి హారన్ వినపడగానే వాళ్ళే మట్టిలోకి దిగి నిలబడతారు. "నడిచేవాళ్ళే పక్కకు జరగాలన్న రూలు ఎవరు పెట్టారే?" అంది వదిన. నాకు మా అత్తయ్య గుర్తొచ్చింది.

వదిన వాళ్ళు ఉండేది నార్సింగి దగ్గర. అక్కడికి పోయినప్పుడు ఔటర్ రింగు రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ చూపించింది నాకు. చెప్పొద్దూ, కళ్ళు తిరిగాయి! 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. పైన కప్పంతా సోలార్ పలకలే, 16 మెగావాట్ల కరెంటు వచ్చేట్టు వేశారు. కింద నీడ, పైన కరెంటు. 2023 అక్టోబరు ఒకటిన ప్రారంభించారు. కొందరు కారు వెనక సైకిలు కట్టుకుని తెచ్చుకుని మరీ తొక్కుతున్నారు. మంచిదే, కాదనను. ఆరోగ్యం ఎవరికైనా ఆరోగ్యమే. కానీ బడికి, కూరగాయలకు, కూలికి పోయే వాళ్ళ సైకిలు ఇంటి ముందు నుంచే కదలాలి కదా! ట్రాకు దాకా కారు మీద వచ్చే సైకిలు వేరు, మా వరండాలో సైకిలు వేరు.

నాకు ఇంకా నచ్చింది మద్రాసులో చూశాను. మా చెల్లెలి కూతురి పెళ్ళి చీరలకు టీ నగర్ వెళ్ళాం. పాండీ బజారు మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు అక్కడ భుజం భుజం రాసుకుంటూ తప్ప నడిచేవాళ్ళం కాదు. 2019 నవంబరు నుంచి అక్కడ రోడ్డుకు రెండువైపులా వెడల్పయిన నడకదారి ఉంది, కూర్చోవడానికి బల్లలున్నాయి. చీరల సంచులు పక్కన పెట్టుకుని మా చెల్లెలు, నేను గంటసేపు కూర్చున్నాం. పైసా ఖర్చు లేకుండా బజారులో కూర్చోవడం నా జన్మలో అదే మొదలు!

ఇదెలా అయిందబ్బా అని మా పక్కింటి బాబాయి గారిని అడిగాను. ఆయన ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. "ఏముందమ్మా, వాళ్ళు ముందే పద్దు రాసుకున్నారు" అన్నారు. 2014లోనే మద్రాసు కార్పొరేషన్ ఒక విధానం పెట్టుకుందట. రవాణా కోసం పెట్టే డబ్బులో కనీసం నూటికి 60 వంతు నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు ఖర్చు చెయ్యాలని. పాండీ బజారు పనికి స్మార్ట్ సిటీ డబ్బు తోడయింది.

నాకు అప్పుడు అర్థమైంది. మనం మాత్రం చేసేదేమిటి? నెల మొదట్లో పుస్తకంలో పాలు, బియ్యం, పప్పు, గ్యాసు, ఫీజులు అని రాసుకుంటాం. మిక్సీ జారు పగిలిందనుకోండి, "ఏమైనా మిగిలితే చూద్దాం" అంటాం. మిగులుతుందా? నా ఇరవై ఏళ్ళ కాపురంలో ఒక్క నెల మిగల్లేదు. జారు కొన్నదెప్పుడంటే, పప్పు పక్కన దాని పేరు కూడా రాసిన నెలలో.

ఊరి లెక్కా ఇంతే. రోడ్డు పద్దు ఉంటుంది, కాలువ పద్దు ఉంటుంది, లైట్ల పద్దు ఉంటుంది. నడిచే దారిని రోడ్డు వేసేటప్పుడు మిగిలితే వేద్దాం అనుకుంటారు. మిగిలేది కాలువ మీద బిళ్ళలే. మొక్కల సంగతి చూడండి. 2019 మున్సిపల్ చట్టంలో, బడ్జెట్‌లో నూటికి పది వంతులు పచ్చదనానికే పెట్టాలని రాశారు. ఆ తర్వాతే కదా మన ఊళ్ళన్నిట్లో నర్సరీలు, చిన్న చిన్న వనాలు కనిపించాయి! చెట్టుకు పద్దు రాయగలిగినప్పుడు, ఆ చెట్టు కింద నడిచే మనిషికి రాయలేమా?

ఎంత వెడల్పు కావాలో కూడా బాబాయి గారే చెప్పారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు 2012లో ఇచ్చిన పుస్తకం ప్రకారం అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంటే ఇంచుమించు ఆరడుగులు. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవడానికి సరిపోతుంది. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు ఎక్కలేరని. అన్నట్టు, 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా నడకదారి మన జీవించే హక్కులో భాగమేనంది. బిచ్చమేమీ అడగడం లేదన్న మాట మనం!

మా ఊరికి ఇంకో చిక్కు ఉండేది. మాది ఏజెన్సీ ప్రాంతం. మున్సిపాలిటీల గురించి రాజ్యాంగంలో చేర్చిన భాగం ఏజెన్సీ ప్రాంతాలకు దానంతటదిగా వర్తించదు, పార్లమెంటు వేరే చట్టం చెయ్యాలి. పంచాయతీలకు 1996లో చేసింది గానీ, మున్సిపాలిటీలకు చెయ్యలేదు. దాంతో దశాబ్దాల పాటు మా మున్సిపాలిటీకి ఎన్నికలే లేవు, ప్రత్యేక అధికారుల పాలనే. మా వీధి సంగతి చెప్పుకుందామంటే వార్డు మెంబరంటూ ఒకరు ఉండేవారు కాదు. 2025లో కొత్తగూడెం, పాల్వంచ కలిపి నగరపాలక సంస్థ చేశారు. పేరు పెద్దదైంది. పెద్ద ఊరన్నాక పెద్ద రోడ్ల మాటే ముందు వస్తుంది. అందుకే మన చిన్న దారి మాట మనమే ముందు చెప్పాలి.

వదిన వెళ్ళే ముందు రోజు మా వీధి ఆడవాళ్ళం ఒక పని చేశాం. నా బ్లౌజులు కొలిచే టేపు తీసుకుని ఇంటి నుంచి రామాలయం దాకా కొలిచాం. ఒకరు పట్టుకుంటే ఒకరు రాసుకున్నారు. మగవాళ్ళు గుమ్మాల్లో నిలబడి నవ్వారు, నవ్వనివ్వండి. 380 అడుగులు వచ్చింది. ఎక్కడ బిళ్ళ లేదో, ఎక్కడ స్తంభం అడ్డమో, ఎక్కడ స్కూటర్లు పెడతారో అన్నీ గీసుకున్నాం. స్కూటర్లు పెట్టుకోవడానికి గుడి వెనక ఖాళీ జాగా ఉందని మా ఎదురింటి పిన్ని గారు గుర్తు చేశారు. అర్జీలో మేం అడిగింది ఒక్కటే. "మా వీధికి ఆరడుగుల నడకదారి అని బడ్జెట్‌లో విడిగా ఒక వరుస రాయండి." పదిహేడు సంతకాలు. మా అత్తయ్య పద్దెనిమిదోది. చెయ్యి వణుకుతున్నా పూర్తి పేరు రాసింది.

అది ఎప్పటికి అవుతుందో చూడాలి. ఈలోగా మా వారు, ఎదురింటి వాళ్ళబ్బాయి కలిసి కదిలే బిళ్ళ కింద సిమెంటు పోసి కూర్చోబెట్టారు. నిన్న శనివారం అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గుడికి వచ్చింది. అరుగు మీద స్నేహితురాళ్ళు ముగ్గురే ఉన్నారు. నాలుగో ఆవిడ ఏదని అడిగితే, "ఆమె కూడా భయపడి రావట్లేదు వదినా" అన్నారు.

మీ వీధిలో కూడా అలా రావడం మానేసిన వాళ్ళు ఒకరుంటారు. ఈసారి బడ్జెట్ రాసే వేళకు ఒక టేపు పట్టుకుని బయటికి రండి మరి!