తిన్నర్ వాసన

మా సదాశివనగర్‌లో వాటిని డాంబర్ గోలీలంటారు. ఆంధ్రా స్నేహితులు కలరా ఉండలంటారు. నాఫ్తలీన్‌ను మొదట్లో బొగ్గు నుంచి వచ్చే తారులోంచే తీసేవాళ్లు కాబట్టి, ఈ ఒక్క విషయంలో మా ఊరి మాటే శాస్త్రానికి దగ్గర. బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టిన తెల్లటి గోలీ కొన్ని నెలలకు శనగగింజంత అవుతుంది, ఆ తర్వాత కనబడదు. కరిగి నీళ్లయి కారదు, నేరుగా ఆవిరైపోతుంది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. చీర మడత విప్పగానే గుప్పున కొడుతుందే, అక్కడికి పోయింది.

జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఈ గోలీల మధ్య దాచిన బట్టలు తొడిగితే, ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. పిల్లల డాక్టర్లకు ఇది చాలా పాత సంగతి. యూరప్‌లో 2008లోనే నాఫ్తలీన్ గోలీలు ఆపేశారు. మన దగ్గర ఏ కిరాణా కొట్టుకు పోయినా బిస్కెట్ల పక్కనే వేలాడుతుంటాయి.

ఇట్లా మామూలు వేడికే గాలిలో కలిసిపోయే వాటిని వోలటైల్ ఆర్గానిక్ కాంపౌండ్స్, పొట్టిగా వీఓసీలు అంటారు. (ఆర్గానిక్ అనగానే సూపర్‌మార్కెట్లో రెట్టింపు ధరకమ్మే కందిపప్పు గుర్తుకు రావొద్దు, ఇక్కడ ఆ మాటకు కార్బన్ ఉన్నదని మాత్రమే అర్థం.) రంగు డబ్బాలో, ప్లైవుడ్ జిగురులో, రూమ్ ఫ్రెషనర్లో, నెయిల్ పాలిష్‌లో, అగరుబత్తి పొగలో ఇవి ఉంటాయి. అన్నీ ఒకే తీరుగా హాని చేయవు. కొన్ని కళ్లు మండించి, తల నొప్పించి వదిలేస్తాయి. టోలుయిన్ మెదడు మీద, నరాల మీద పనిచేస్తుంది. బెంజీన్, ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైంది.

తెలుగు నేలంతా ఒక వీఓసీ పేరు నేర్చుకున్న రోజు ఒకటుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి లేచి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు. కమిటీలు వచ్చాయి, గ్రీన్ ట్రిబ్యునల్ కదిలింది. ట్యాంకులోంచి ఒకేసారి వస్తే దాన్ని ప్రమాదం అంటాం. లీటరు డబ్బాల్లోంచి ఇంటింటికీ కొంచెం కొంచెంగా వస్తే కొత్త వాసన అంటాం.

మా చిన్నాయన పెయింటరు. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన వేలమందిలో ఆయనొకడు. దుబాయ్‌లో పదకొండేండ్లు బిల్డింగులకు రంగులేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు మా ఊరి చుట్టుపక్కల ఇండ్లకు వేస్తున్నాడు. అక్క పెండ్లికి మా ఇంటి పని కూడా ఆయనే పట్టుకున్నాడు. గోడలకు లప్పం పెట్టినన్నాళ్లు ఏం లేదు. తలుపులకు ఎనామిల్ మొదలుపెట్టి అందులో తిన్నర్ కలిపేసరికి నాకు కళ్లల్లో నీళ్లు. ఆయన మాత్రం ముక్కుకు తువ్వాల కూడా కట్టుకోలేదు.

"మాస్కు లేదా చిన్నాయనా?" అని అడిగిన.

"ఆడనైతె మాస్కు లేకుంటె లోపల్కి రానియ్యరు బిడ్డా. ఈడ మాస్కు పెట్టుకుంటె, ఏందే మళ్ల కరోనా వచ్చిందా అంటరు. అయినా నాకు ఆ వాసన తెలుస్తనే లేదు."

నాకు ఆ చివరి మాటే గుచ్చుకుంది. ముక్కు అలవాటుపడి చెప్పడం మానేసినా ఊపిరితిత్తులు పీల్చడం మానవు.

దుబాయ్‌లో 2014 నుంచి కొత్త భవనాలకు గ్రీన్ బిల్డింగ్ నిబంధనలు తప్పనిసరి. రంగుల్లో వీఓసీకి హద్దు ఉంది. మనుషులు చేరకముందే లోపలి గాలిని ఎనిమిది గంటలు కొలవాలి. మొత్తం వీఓసీలు ఘనపు మీటరుకు 300 మైక్రోగ్రాములకు మించొద్దు. చిన్నాయనకు ఈ అంకెలు తెలియవు గానీ, ఖాళీ ఫ్లాటులో మిషను పెట్టి తలుపులేసి పోయేవాళ్లని బాగా గుర్తుంది. "గాలికి సుత పరీక్షనా అని నవ్వెటోళ్లం" అన్నాడు. దుబాయ్‌ని మెచ్చుకోవాలని ఇది చెప్పడం లేదు. ఆ మిషను ఫ్లాటు కొనేవాళ్ల కోసం వచ్చింది. చిన్నాయన పది మందితో పడుకున్న లేబర్ క్యాంపు గదిలోకి రాలేదు.

మన దగ్గర అసలు చట్టాలే లేవని కాదు. బయటి గాలిలో బెంజీన్ ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటొద్దని 2009 ప్రమాణాల్లో ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించొద్దని 2016లో నియమాలు రాసి 2017 నవంబర్ నుంచి అమలు చేశారు. అంటే రంగు డబ్బాకు లెక్క కట్టడం మన ప్రభుత్వానికి చేతనవును. సీసానికి పెట్టిన ఆ తప్పనిసరి హద్దు ఆవిరికి మాత్రం లేదు. తక్కువ వీఓసీ రంగు మన దగ్గర రేటింగు కోసం, ఇష్టం కొద్దీ కొనుక్కునే వస్తువు. 2004లో అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ దేశంలోనే మొదటి లీడ్ ప్లాటినం భవనం. ఆ బాటలో నడిచిన ఐటీ ఆఫీసుల గోడలు వాసన రావు. అక్కడి నుంచి నలభై నాలుగో నంబరు హైవే ఎక్కితే మూడు గంటల్లో మా ఊరు.

పెయింటర్ పనినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం. డెన్మార్క్‌లో 1970లలోనే పెయింటర్ల మతిమరుపు, చిరాకు మీద పరిశోధనలు జరిగి, 1980లలో ఇంటి లోపలి పనులకు నీటి రంగులే వాడాలని నిబంధన తెచ్చారు. ఇది చదువుతుంటే మా చిన్నమ్మ మాట గుర్తొచ్చింది. చిన్నాయన ఈ మధ్య తాళంచేతులు ఎక్కడ పెట్టిండో మరిచిపోతున్నాడట, ఊకెనే కసురుకుంటున్నాడట. వయసో, కల్లో, తిన్నరో నాకు తెలియదు. తేల్చి చెప్పే డాక్టరును మా మండలంలో నేను చూడలేదు. రంగు దుమ్ముకు మందుగా ఆయన రోజూ బెల్లం ముక్క తింటాడు. బెల్లం పోయేది కడుపులోకి.

మిగిలిన తలుపులకు కామారెడ్డి నుంచి నీటితో కలిపే ఎనామిల్ తెప్పించిన. ధర ఎక్కువ. చిన్నాయన వేసి, దూరం జరిగి చూసి, "మెరుపు తక్కువుంది" అని పెదవి విరిచాడు. ఆ రాత్రి మాత్రం మేం ఆ గదిలోనే పడుకున్నాం.

తెల్లారి ఆయన రామారెడ్డిలో ఇంకో ఇంటి పనికి పోవాలి. ఆ ఇంటాయన ఫోన్‌లో గట్టిగా అడుగుతున్నాడు: "ఆయిల్ పెయింటే గద? నీళ్ల రంగు కాదు గద?"

"ఆయిలే, ఆయిలే" అనుకుంట చిన్నాయన ఐదు లీటర్ల తిన్నర్ క్యాను స్కూటీ ముందర, కాళ్ల మధ్యల పెట్టుకున్నాడు.